అరిగిన తోలుకు కొత్త కుట్టు

వార్షిక సంచికకు ఏదైనా రాయమని యూనియన్ కార్యదర్శి ఫోను చేసినప్పుడు, "కథా, కవితా?" అని అడిగాను. "అవి చాలా వచ్చాయి సార్, మీరు ఏదైనా పనికొచ్చేది రాయండి" అన్నాడు. ఈ మాటకు మన కవి మిత్రులకు కోపం రావచ్చు గాని, నాకు మాత్రం ధైర్యం వచ్చింది. కనుక కారు స్టీరింగుకు చేత్తో తోలు తొడగటం గురించి రాస్తున్నాను. కారు లేనివారు పేజీ తిప్పేయనక్కరలేదు. ఇందులో కారు తక్కువ, తోలు ఎక్కువ.

రెండేళ్ల కిందటి మాట. మిర్చి సీజను. నా సెకండ్ హ్యాండ్ కారులో మా నాన్నగారిని ఎక్కించుకుని దాచేపల్లి వైపు నుంచి పిడుగురాళ్ల వస్తున్నాను. ఆ కారు స్టీరింగు మీది తోలు అప్పటికే పాము కుబుసంలా పొరలు లేచి, దిగేసరికి అరచేతులు నల్లబడేవి. అది కనపడకుండా రోడ్డు పక్కన దొరికే సాగుడు కవరు ఒకటి కొని తొడిగాను. ఒక మలుపులో ఎదురుగా టిక్కీలు వేసుకున్న లారీ వచ్చింది. స్టీరింగు ఎడమకు తిప్పాను. నా చేతులు తిరిగాయి, చేతుల కింద కవరు తిరిగింది, చక్రం మాత్రం సగమే తిరిగింది. చెమట చేతులు, వదులు కవరు. లారీ డ్రైవరు మంచివాడు కాబట్టి అవతలికి కోసుకుని వెళ్లాడు. "ఏమైందిరా?" అన్నారు నాన్నగారు. "ఏం లేదు నాన్నా" అన్నాను. ఇంటికి రాగానే ఆ కవరు కోసి పారేశాను.

మా ఊరి సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడేదాకా పిడుగురాళ్ల గుంటూరు జిల్లాలోది. సున్నపు బట్టీల ఊరు. చెట్ల ఆకులు కూడా ఇక్కడ తెల్లగానే ఉంటాయి. ఎండ సంగతి చెప్పక్కర్లేదు. వేసవి వచ్చిందంటే పత్రికల్లో పేరెక్కే రెంటచింతల మా పక్కదే. ఎండలో నిలబెట్టిన కారు స్టీరింగు మీద మే నెలలో చెయ్యి ఆనించలేం. ఎండ, చెమట, సున్నపు ధూళి మూడూ కలిస్తే తోలు ఎంతకాలం నిలుస్తుంది?

ఇక్కడ కొంచెం రసాయనశాస్త్రం అవసరం. తోలు అంటే కొల్లాజెన్ అనే ప్రోటీను పోగుల దట్టమైన అల్లిక. పచ్చితోలును మొదట సున్నపు నీళ్లలో నానబెడతారు. పోగులు ఉబ్బి, వెంట్రుకలు ఊడివస్తాయి. తర్వాత ఆ సున్నాన్ని పూర్తిగా వదిలించి అప్పుడు ఊనుతారు. మన పాత పద్ధతిలో తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. పల్లెల్లో లంద అనేది ఈ ఊనే తొట్టికే పేరు. ఈనాడు ఎక్కువగా క్రోమియం లవణాలతో చేస్తారు. ఊనిన తోలు కొద్దిగా ఆమ్ల గుణంలో ఉన్నంతకాలం స్థిమితంగా ఉంటుంది. దాని మీద మళ్లీ క్షారం, అంటే సున్నం, చెమటతో కలిసి రోజూ పడుతుంటే ఊనిన పట్టు సడలుతుంది, నూనె పదార్థం పోయి ఎండి పగులుతుంది. తోలు తయారీకి మొదటి మెట్టు అయిన సున్నమే తయారైన తోలుకు శత్రువు. మా ఊరివాళ్లం కాబట్టి ఈ సంగతి మాకు మొదటే తెలిసి ఉండాల్సింది, తెలియలేదు.

సరే, తొడిగేముందు అసలు తొడగాలా వద్దా అన్నది చూసుకోవాలి. చాలాసార్లు పోయేది తోలు కాదు, దాని మీది రంగు పొర. ఒక అంచు కొద్దిగా ఎత్తి అడుగు భాగం చూడండి. నూగులాంటి పోగులు కనిపిస్తే నిజం తోలు. నేసిన గుడ్డ కనిపిస్తే రెక్సిన్. (రెక్సిన్ అన్నది నిజానికి ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గరి ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. మన దగ్గర గుడ్డ మీద ప్లాస్టిక్ పూసిన ప్రతిదానికీ ఆ పేరే స్థిరపడింది. 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్లలో మనం కూర్చున్నవి చాలావరకు ఆ సీట్లే.) నిజం తోలై, గట్టిగానే ఉండి, పైరంగు మాత్రమే పోతే, శుభ్రం చేసి సన్నని ఉప్పుకాగితంతో రుద్ది రంగు వేసుకుంటే చాలు. నాది పోగులతో సహా చిరిగింది. రంగుతో పోయేది కాదు.

ఇప్పుడు అసలు చిక్కు. స్టీరింగు అంచు గారె ఆకారంలో ఉంటుంది. నా కారుది బయటి వ్యాసం 38 సెంటీమీటర్లు, లోపలి వ్యాసం 32. లెక్క వేసుకోండి: బయటి చుట్టుకొలత సుమారు 119 సెంటీమీటర్లు, లోపలిది 100. అంటే మనం చుట్టబోయే తోలు పట్టీ నడుమ 119 ఉండాలి, కుట్టు పడే అంచులు 100 ఉండాలి. ఒకే పట్టీకి 19 సెంటీమీటర్ల తేడా! చదునైన పలకను సాగదీయకుండా, ముడత పడనీయకుండా ఇలాంటి ఆకారం మీద పరచలేమని గౌస్ 1827లోనే సిద్ధాంతం చేశాడు. నమ్మకపోతే కొబ్బరికాయకు కాగితం చుట్టి చూడండి. కాగితం లొంగదు, తోలు లొంగుతుంది. పోగులు ఒకదాని మీద ఒకటి జరిగి నడుమ సాగుతాయి, అంచుల్లో దగ్గరపడతాయి. లెక్కల మాస్టారు ఈ ఉదాహరణ చెప్పి ఉంటే ఆ పాఠం నాకు అప్పుడే ఎక్కేది.

ఈ లెక్క తెలిసింది గదా అని నేనే మొదలుపెట్టాను. మా ఇంట్లో మిరపకాయల గోతాలు కుట్టే దబ్బనం ఉంది. దానితోనే బొక్కలు పొడిచాను. ఒక అంచుకు 200, రెండో అంచుకు 193 వచ్చాయి. ఏడే గదా అనుకున్నాను. కుట్టుకుంటూ పోతే ఆ ఏడూ చివర ఒకచోట చేరి తోలును మెలితిప్పాయి. లోపలివైపు ముడతలు. దబ్బనం బొక్కలు పెద్దవి, దారం సన్నది. రెండు రోజుల్లో కుట్టంతా ఊగటం మొదలైంది.

బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన ఒకరు ఉన్నారు. విప్పిన తోలు పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. అటూ ఇటూ తిప్పి చూసి, "ఏంది బాబూ, గోతం కుట్టినట్టు కుట్టావు?" అన్నారు. వాళ్ల నాన్న మోటబావులకు తోలు బానలు కుట్టేవారట. చుక్క నీరు కారకుండా కుట్టాలి, ఎద్దులు లాగినంత కాలం తెగకుండా ఉండాలి. కరెంటు మోటార్లొచ్చి మోటలు పోయాయి, ప్లాస్టిక్ చెప్పులొచ్చి ఈ పనీ సగం పోయింది. ఆయన కొడుకు ఫైనాన్సు కంపెనీలో చేస్తున్నాడు.

"నేర్పుతారా పెద్దయ్యా?" అంటే ఒక నిమిషం నా మొహం చూసి, పక్కన గోనెపట్టా పరిచారు. మూడు సాయంత్రాలు అక్కడ కూర్చున్నాను. దారినపోయే తెలిసినవాళ్లు ఆగి, "నువ్వేంది ఇక్కడ?" అని అడిగారు. పని నేర్చుకుంటున్నానంటే నవ్వి వెళ్లారు. ఆ నవ్వెందుకో నాకు తెలుసు, నాకంటే బాగా ఆయనకు తెలుసు. ఆయన తల ఎత్తలేదు. "దారానికి మైనం పట్టించు బాబూ" అన్నారు.

ఆయన పనిముట్లు రెండే: ఆరె, రంపె. ఆరె దబ్బనంలా గుండ్రంగా ఉండదు, మొన పలకలుగా ఉంటుంది. అది తోలును తొలిచెయ్యదు, చీలుస్తుంది. దారం లాగగానే ఆ చీలిక దారాన్ని కరుచుకుంటుంది. రంపె చదునైన కత్తి. అతుకులు పడేచోట తోలు అంచును అడుగువైపు నుంచి ఏటవాలుగా పలచగా చెక్కటానికి. ఈ చెక్కటం చెయ్యకపోతే అతుకు దగ్గర గట్టు లేచి బొటనవేలికి ఎప్పుడూ తగులుతూ ఉంటుంది. నాకు చెక్కటం వచ్చేసరికి మూడు ముక్కలు పాడయ్యాయి.

కుట్టు విషయం కూడా ఆయనే చెప్పారు. మిషను కుట్టులో పైదారం, కిందిదారం ఒకదానికొకటి మెలిక వేసుకుంటాయి. ఒకటి తెగితే వరసగా విడిపోతుంది. చేతికుట్టులో ఒకే దారానికి రెండు కొసల రెండు సూదులు, ప్రతి రంధ్రంలోంచి రెండూ ఎదురెదురుగా దూరతాయి. ఒక పోగు తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. స్టీరింగు మీద రెండు అంచులూ ఎదురెదురుగా ఆనుతాయి కాబట్టి ఇదే రెండు సూదుల పని అడ్డంగా, ఇంటూ గుర్తులాగా చేసుకుంటూ పోవాలి. కుట్టు పొడవుకు నాలుగైదు రెట్లు దారం కావాలి. నేను నాలుగు భాగాలు చేసుకున్నాను, ఒక్కోటి 25 సెంటీమీటర్లు, దానికి మీటరుంబావు దారం. పత్తి పండించే జిల్లాలో పుట్టి నూలుదారం వద్దనటం ద్రోహమే గాని, చెమటకు నూలు కుళ్లుతుంది. మైనం పట్టించిన పాలిస్టరు దారమే మేలు.

గోనెపట్టా మీద కూర్చున్నప్పుడు నాయుడమ్మ గారు గుర్తుకొచ్చారు. మన గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టి, మద్రాసులోని కేంద్రీయ తోలు పరిశోధన సంస్థకు డైరెక్టరై, తర్వాత దేశంలోని శాస్త్రీయ పరిశోధన మండలికే అధిపతి అయ్యారు. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో పోయారు. ఆయన డాక్టరేటు చేసింది అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో, తోలు మీదే. మన కాలేజీల్లో ఆయన పేరు మీద వ్యాసరచన పోటీలు పెడతాం. ఆరె పట్టుకోవటం మాత్రం ఎవరికీ చూపించం.

రెండోసారి చేసిన పద్ధతి ఇది. పాత తోలును చించకుండా కుట్లు మాత్రం బ్లేడుతో తెంపి విడదీశాను. పైన, కింద, కుడి, ఎడమ అని అడుగున రాసుకున్నాను. పాతది సాగి ఉంటుంది కాబట్టి దాన్నే కొలతగా నమ్మకూడదు. చక్రానికి పలచని ప్లాస్టిక్ చుట్టి, దానిపైన కాగితపు టేపు అతికించి, అతుకులు ఎక్కడ రావాలో పెన్నుతో గీసి, కోసి తీస్తే అసలు నమూనా వస్తుంది. అడ్డకొలతలో దానికంటే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా తోలు కోయాలి. అప్పుడే లాగితే బిగుస్తుంది. తోలు మందం ఒక మిల్లీమీటరు, మహా అయితే 1.2. క్రోము తోలే తీసుకోండి, మెత్తన, వేడికి ఓరుస్తుంది. తంగేడు తోలు మీద ఎంత అభిమానమున్నా అది ఇక్కడ బిర్రబిగుసుకుని కూర్చుంటుంది. కోసేముందు తోలును రెండు వైపులా లాగి చూడాలి. వెన్ను పొడుగునా తక్కువ సాగుతుంది, పొట్ట భాగం మరీ ఎక్కువ సాగుతుంది. పొట్ట ముక్క చవకగా ఇస్తామంటే తీసుకోకండి.

రంధ్రాలు అంచుకు మూడు మిల్లీమీటర్ల లోపల, ఐదేసి మిల్లీమీటర్ల దూరంలో, రెండు వైపులా లెక్క ఒక్కటే. కుట్టే ముందు వెనుకవైపు తడిగుడ్డతో అద్దితే తోలు మాట వింటుంది. జిగురు చివరి సంగతి. ముందు జిగురు లేకుండా తొడిగి సరిపోయిందో లేదో చూసి, అప్పుడు రెండు వైపులా పలచగా పూసి, చేతికి అంటుకోనంతగా ఆరాక అతికించాలి. తలుపులు బార్లా తెరిచి చెయ్యండి. ఆ వాసన తలనొప్పే కాదు, నిప్పు తగిలితే అంటుకుంటుంది కూడా. రెండు ఆదివారాలు, మొత్తం పదకొండు గంటలు పట్టింది.

ఒక హెచ్చరిక. 2019 నుంచి మన దేశంలో కొత్త కార్లకు డ్రైవరు వైపు ఎయిర్ బ్యాగు తప్పనిసరి. అంతకుముందు వాటిలోనూ చాలావాటికి ఉంది. అది స్టీరింగు నడిమి మూత కింద ఉంటుంది. ఆ మూత మీద తోలు గాని, జిగురు గాని వెయ్యకండి, ఇంట్లో విప్పకండి. చక్రం అంచు వరకే మన పని. సీటు పక్కన ఎయిర్ బ్యాగు అని చిన్న చీటీ కుట్టి ఉంటే ఆ సీటు జోలికీ వెళ్లకండి. అక్కడి కుట్టు పేలినప్పుడు విడిపోయేట్టు లెక్కగా వేసింది. మనం గట్టిగా కుట్టామనుకోండి, అదే ప్రమాదం.

నిజానికి కొత్తవారు గేరు రాడ్డు చుట్టూ ఉండే సంచితో మొదలుపెట్టటం మంచిది. అది నాలుగు ముక్కలే, తిరగేసి కుట్టి మళ్లీ తిప్పేయటమే, తప్పు జరిగినా ప్రాణాపాయం లేదు. తలుపు మీది చెయ్యి ఆనించే దిమ్మె కూడా సులువే, అయితే పాత స్పాంజి పొడి అయిపోయి ఉంటుంది, అది మార్చకుండా పైన ఎంత మంచి తోలు వేసినా లాభం లేదు. సీట్లలో డ్రైవరు దిగే వైపు అంచు ముందు అరుగుతుంది. సీటంతా మార్చక్కర్లేదు, ఆ ఒక్క ముక్క కుట్లు విప్పి, అదే కొలతకు కొత్తది వేయించవచ్చు. నాకు అది చేతకాలేదు, హైవే మీద లారీ సీట్లు కుట్టే షాపులో మిషను మీద వేయించాను.

స్టీరింగు కుట్టు రెండు వేసవులు దాటింది. ధూళిని తడిగుడ్డతో తుడుస్తున్నాను, కొబ్బరినూనె మాత్రం రాయనివ్వటం లేదు, రాస్తే మళ్లీ చెయ్యి జారుతుంది. కిందటి నెల ఎడమ ఊచ దగ్గర నాలుగు కుట్లు వదులయ్యాయి. పెద్దాయనకు చూపిస్తే వేలితో తడిమి, "ఇక్కడ మైనం పట్టించలేదు కదూ?" అన్నారు. నిజమే, ఆ ముక్క కుట్టేటప్పటికి మైనం అయిపోయింది.