రెండో తాడు ఏ గుంజకు?

కంపెనీ పెట్టావట, సంతోషం రా అబ్బాయ్. నలుగురు కుర్రాళ్లు, రెండు గదులు, ఒక సర్వరు. నెట్ కనెక్షన్లు రెండున్నాయి, ఇన్వర్టరూ ఉంది, ఇంకేం భయం తాతయ్యా అంటున్నావు. ఇలా కూర్చో, లెక్క చూద్దాం.

ఒక కనెక్షన్ నూటికి తొంభై తొమ్మిది పాళ్లు పనిచేస్తుందనుకో. మిగిలిన ఆ ఒక్క పాలే ఏడాదికి మూడున్నర రోజుల పైచిలుకు. అలాంటిదే రెండోది పెడితే, రెండూ ఒకేసారి పడకేయడం నూరో వంతులో నూరో వంతు. ఏడాది మొత్తానికి 53 నిమిషాలు! లెక్కలో తప్పేం లేదు. కాకపోతే దానికో షరతుంది: ఒకటి చెడడానికీ రెండోది చెడడానికీ సంబంధం ఉండకూడదు. నీ రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీదుగా వస్తుంటే ఆ గుణకారం చెల్లదు. పడవకి రెండు తాళ్లు వేసి, రెండూ ఒకే గుంజకు కట్టావన్నమాట. గుంజే ఊడితే?

2024 సెప్టెంబరు 1న విజయవాడలో బుడమేరు వాగు ఊడబెరికింది ఆ గుంజనే. గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది. అదే సమయానికి కృష్ణా పోటెత్తి, ప్రకాశం బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల దాకా వెళ్లింది. మునిగిన చోట కరెంటు లేదు. మెట్ల కింద పెట్టిన ఇన్వర్టర్ నీళ్లలో. బ్యాటరీ ఉన్నంతసేపే సెల్ టవర్. దేనికదే అనుకున్నవన్నీ ఒక్క వరదకే పోయాయి.

పెద్దవాళ్లకీ ఇది తప్పలేదు. 2011 మార్చిలో జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రంలో సునామీ వచ్చినప్పుడు డీజిల్ జనరేటర్లకేం కొదవ లేదు, ఏకంగా పదమూడు! చాలావాటిని నేలమాళిగల్లో పెట్టారు, మునిగాయి. కొన్ని బతికినా వాటి స్విచ్‌బోర్డులు మునిగాయి. పైన విడిగా ఉన్న ఒక్కటే నడిచింది. ఐదో, ఆరో రియాక్టర్లను కాపాడింది అదే.

నీ దగ్గర డబ్బు లేదని నాకు తెలుసు. ఇంకో ఇన్వర్టర్ కొనొద్దు, ఉన్నదాన్ని మేడ మీదకి ఎక్కించు. రెండో కేబుల్ మానేసి, వేరే కంపెనీ సిమ్ పెట్టుకో. డేటా నకలు వేరే ఊళ్లో ఉంచు. క్లౌడ్ వాళ్లకి ముంబైలోనూ హైదరాబాదులోనూ కేంద్రాలున్నాయి, నిల్వకయ్యే ఖర్చు ఎంతో కాదు. ఇక వెబ్‌సైట్ మూడు గంటలు ఆగితే కస్టమర్లు తిడతారు, అంతే, తిట్టనీ. ఆ భాగానికి డబ్బు తగలెయ్యకు. లెక్కల పుస్తకం పోతే మాత్రం కంపెనీయే ఉండదు.

నకలు ఉంది గదా అని ధీమా పడకు. 2017 జనవరిలో గిట్‌ల్యాబ్ అనే పెద్ద సంస్థలో ఒక ఉద్యోగి అసలు డేటాబేస్‌నే పొరపాటున చెరిపేశాడు. చూస్తే ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా అక్కరకు రాలేదు. సుమారు ఆరు గంటల ముందు ఒకరు వేరే పని మీద చేత్తో తీసిన నకలు దొరికింది కాబట్టి గట్టెక్కారు.

అందుకని ఈ ఆదివారం ఒక ఖాళీ కంప్యూటర్ ముందేసుకుని, మీ నకలు అందులో తెరుచుకుంటుందో లేదో చూడు. ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టి నాకు చెప్పు.