ఆసుపత్రి ఖర్చు నుంచి ఊరి ఆరోగ్యం దాకా: ఉద్దానంలో ఆరోగ్య బీమా అనుభవం

రోగి ఆసుపత్రిలో చేరిన తరువాత చికిత్స వ్యయాన్ని చెల్లించే ఏర్పాటుగానే ఆరోగ్య బీమాను సాధారణంగా పరిగణించడం జరుగుతున్నది. అయితే ఒకే వ్యాధి ఒక ప్రాంతాన్ని ఏళ్ల తరబడి పీడిస్తున్నప్పుడు చికిత్స ఖర్చు చెల్లించినంత మాత్రాన సమస్య తీరదు. సురక్షితమైన తాగునీరు, ముందస్తు పరీక్షలు, చేరువలో చికిత్స, రోగి కుటుంబానికి జీవనాధారం అనే నాలుగింటిపైనా నిధులు వెచ్చించవలసి వస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు అనుభవం ఈ విషయాన్నే స్పష్టం చేస్తున్నది.

పచ్చని తీరంలో పాత వ్యాధి

ఉద్యానవనం అనే మాటే వాడుకలో ఉద్దానమైందని స్థానికులు చెబుతారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో బంగాళాఖాతం తీరం వెంబడి విస్తరించిన ఈ ప్రాంతంలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలు ఉన్నాయి. పలాస జీడిపప్పు పరిశ్రమకు పేరెన్నిక గన్నది. వ్యవసాయ కూలీలు, జీడిపప్పు కార్మికులు, మత్స్యకారులు ఇక్కడి జనాభాలో అధికం. 2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుపాను ఈ తోటలను నేలకూల్చి, వేలాది కుటుంబాల ఆదాయాన్ని దెబ్బతీసింది.

ఇంతకు మించిన విపత్తు మూత్రపిండాల వ్యాధి. మధుమేహం గాని, అధిక రక్తపోటు గాని లేనివారిలో సైతం మూత్రపిండాలు క్రమంగా పాడవుతున్నట్లు 1990వ దశకం నుంచి వైద్యులు గమనిస్తూ వచ్చారు. 2,210 మందిని పరీక్షించి, 2019లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనం ప్రకారం సుమారు 18 శాతం మందిలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఉన్నట్లు తేలింది. వారిలో అధికుల విషయంలో వ్యాధికి తెలిసిన కారణం ఏదీ కనిపించలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతులలోను, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకు కార్మికులలోను ఇటువంటి వ్యాధే కనిపించింది.

ఈ వ్యాధి తొలి దశలలో బాధ కలిగించదు. కాళ్ల వాపు, ఆయాసం, ఆకలి మందగించడం వంటి లక్షణాలు బయటపడేసరికి మూత్రపిండాల పనితీరు చాలావరకు క్షీణించి ఉంటుంది. రక్తంలో క్రియాటినిన్ పరిమాణాన్ని పరీక్షించడం వంటి పరీక్షల ద్వారా ముందుగా గుర్తించడం సాధ్యమవుతుంది.

శ్రీకాకుళంతోనే శ్రీకారం

నిరుపేద కుటుంబాలకు ఖరీదైన చికిత్సలను ఉచితంగా అందించే ఉద్దేశంతో రూపొందించిన రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాలలో ప్రారంభమైంది. మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాలతో పాటు శ్రీకాకుళం జిల్లా తొలి దశలోనే చోటు చేసుకున్నది. అప్పట్లో స్టార్ హెల్త్ బీమా సంస్థకు ప్రభుత్వమే ప్రీమియం చెల్లించగా, పథకం పర్యవేక్షణకు ఆరోగ్యశ్రీ హెల్త్ కేర్ ట్రస్టు ఏర్పాటయింది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైనప్పుడు మరో 50 వేల రూపాయల వరకు చికిత్స వ్యయాన్ని భరించేవారు. 2008 నాటికి పథకం రాష్ట్రమంతటికీ విస్తరించింది. తరువాతి కాలంలో చికిత్సల వ్యయాన్ని ట్రస్టే నేరుగా చెల్లించే విధానం అమలులోకి వచ్చింది. ప్రస్తుతం ఈ పథకం డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరుతో కొనసాగుతున్నది.

తొలినాళ్ల నుంచే ఈ పథకంలో ఆసుపత్రి వెలుపలి సేవలకు చోటు కల్పించడం విశేషం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఆరోగ్యమిత్రలను నియమించి రోగులకు దారి చూపించారు. నెట్‌వర్క్ ఆసుపత్రులు గ్రామాలలో ఉచిత వైద్య శిబిరాలు నిర్వహించాలన్న నిబంధన విధించారు. రోగి ఆసుపత్రికి వచ్చేవరకు వేచి ఉండక, ఆసుపత్రే గ్రామానికి వెళ్లాలన్నది దీని ఆంతర్యం.

ఉచిత చికిత్స ఉన్నా తప్పని భారం

మూత్రపిండాలు పూర్తిగా విఫలమైన రోగికి వారానికి రెండు లేదా మూడు సార్లు డయాలసిస్ అవసరమవుతుంది. ఒక్కొక్క పర్యాయం సుమారు నాలుగు గంటలు పడుతుంది. అంటే ఏడాదికి వందకు పైగా ప్రయాణాలు తప్పవు. స్థానికంగా కేంద్రాలు లేని రోజులలో పలాస నుంచి సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నానికి వెళ్లవలసి వచ్చేది. డయాలసిస్ ఉచితమైనా దారి ఖర్చులు, రోగి కూలి, తోడు వచ్చిన వారి కూలి నష్టమయ్యేవి. ఈ నష్టాన్ని ఏ బీమా పత్రమూ పూడ్చలేదు. కుటుంబంలో సంపాదించే వ్యక్తే రోగి అయినప్పుడు అప్పులు చేయడం, పిల్లల చదువు మానిపించడం వంటి పరిణామాలు సంభవిస్తాయి.

ఈ పరిస్థితిని దృష్టిలో ఉంచుకొని పలాస, టెక్కలి, సోంపేట, కవిటి, హరిపురం తదితర చోట్ల ప్రభుత్వ ఆసుపత్రులలో డయాలసిస్ కేంద్రాలు దశలవారీగా ఏర్పాటయ్యాయి. డయాలసిస్ రోగులకు మొదట నెలకు 2,500 రూపాయలుగా ఉన్న పింఛను 2019లో 10 వేల రూపాయలకు పెరిగింది. ప్రయాణ దూరాన్ని కేంద్రాలు తగ్గించగా, కోల్పోయిన కూలిలో కొంత భాగాన్ని పింఛను భర్తీ చేస్తున్నది.

వంశధార నీరు, పలాస ఆసుపత్రి

భూగర్భ జలాలపై ఆధారపడటాన్ని తగ్గించేందుకు తొలుత గ్రామాలలో శుద్ధజల కేంద్రాలను నెలకొల్పారు. అనంతరం హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని శుద్ధి చేసి గొట్టాల ద్వారా ఉద్దానానికి తరలించే పథకాన్ని వై.ఎస్.ఆర్. సుజలధార పేరిట 700 కోట్ల రూపాయల అంచనాతో చేపట్టారు. ఏడు మండలాలలోని 807 గ్రామాలతో పాటు పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం పురపాలక సంఘాలకు నీరందించడం దీని లక్ష్యం. పలాసలో 2019 సెప్టెంబరు 6న శంకుస్థాపన జరిగిన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, ఈ మంచినీటి పథకం 2023 డిసెంబరు 14న ఒకే రోజున ప్రారంభమయ్యాయి.

అయితే నీటి పథకం పూర్తయినంత మాత్రాన వ్యాధి సమసిపోయినట్లు భావించరాదు. నీటిలోని ఖనిజాలు, పురుగుమందుల అవశేషాలు, ఎండలో శ్రమిస్తూ తగినంత నీరు తాగకపోవడం, నొప్పి మాత్రలను విచ్చలవిడిగా వాడటం, వంశపారంపర్య అంశాలు మొదలైన వాటిని పరిశోధకులు పరిశీలించారు. వీటిలో ఏ ఒక్కటీ ఏకైక కారణంగా నిర్ధారణ కాలేదు. ఇప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలను మంచినీరు తిరిగి బాగుచేయజాలదు. కొత్త తరానికి ముప్పు తగ్గిందా లేదా అన్నది తేలడానికి ఏళ్లు పడుతుంది. అంతవరకు గ్రామస్థాయి పరీక్షలను నిలిపివేయకుండా కొనసాగించడం అత్యవసరం. భవనంతో పాటు మూత్రపిండ వ్యాధి నిపుణులు, సాంకేతిక సిబ్బంది నిరంతరం అందుబాటులో ఉన్నప్పుడే ఆసుపత్రి ప్రయోజనం నెరవేరుతుంది.

బీమా సంస్థల పాత్ర

బీమా ఒప్పందాలు సాధారణంగా ఏడాది ప్రాతిపదికన సాగుతాయి. ఈ రోజు మంచినీటిపై వెచ్చించిన సొమ్ముకు ఫలితం పది, పదిహేనేళ్లకు గాని కనిపించదు. కనుక ఏడాది ఒప్పందం గల సంస్థ నివారణపై ఖర్చు చేయడానికి సహజంగానే వెనుకాడుతుంది. దీర్ఘకాలం బాధ్యత వహించే ప్రభుత్వం, ట్రస్టు ఆ భారాన్ని స్వీకరించవలసి వచ్చింది. మరోవైపు 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమాణం గల కంపెనీలు తమ గత మూడేళ్ల సగటు నికర లాభంలో రెండు శాతాన్ని సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. నివారణ వైద్యం, సురక్షిత తాగునీరు ఈ చట్టం అనుమతించిన అంశాలే. బీమా కంపెనీలు ఈ నిధులను వ్యాధి అధికంగా ఉన్న గ్రామాలలో పరీక్షలకు, పనిచోట్ల తాగునీటికి, నీడకు మళ్లించేందుకు అవకాశం ఉన్నది.

ఈ అంశానికి ఇటీవల ప్రాధాన్యం పెరిగింది. కుటుంబానికి రెండున్నర లక్షల రూపాయల వరకు వైద్య వ్యయాన్ని బీమా సంస్థల ద్వారా, ఆపై 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా భరించే సార్వత్రిక ఆరోగ్య విధానాన్ని 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం ఆమోదించింది. 2007లో శ్రీకాకుళంలో అడుగుపెట్టిన బీమా విధానం మరో రూపంలో తిరిగి వస్తున్న తరుణంలో, చికిత్సతో పాటు నివారణ బాధ్యతనూ ఒప్పందాలలో స్పష్టంగా పొందుపరచడం అవసరం. క్లెయిములు ఎన్ని పరిష్కారమయ్యాయన్న లెక్కతో పాటు, కొత్తగా డయాలసిస్ దశకు చేరిన వారు ఎందరన్న లెక్కను కూడా మండలాల వారీగా ఏటా ప్రకటించడం ప్రయోజనకరం. చేసిన ఖర్చు ఎంతో మొదటి లెక్క చెబుతుంది. ఉద్దానం కుటుంబాలకు కలిగిన మేలు రెండవ లెక్కలోనే తెలుస్తుంది.