ఫోన్ దాచిన పాస్‌వర్డ్‌లు: ఎక్కడుంటాయి, ఎవరు చూడగలరు

బాయిలోకి దిగే కార్మికుడు ముందుగా లాంప్ రూం దగ్గర ఆగి, తన నంబరున్న టోకెన్ ఇచ్చి టోపీ దీపం తీసుకుంటాడు. రామగుండం, గోదావరిఖని ప్రాంతాల్లో పెరిగిన మీలో చాలామంది ఈ సంగతి ఇంట్లో వినే ఉంటారు. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే ఆ నంబరు వారిదే అనుకుంటారు. పాస్‌వర్డ్ విషయం కూడా ఇంతే. అవతలి కంప్యూటరుకు మీ ముఖం తెలియదు. మీరిచ్చిన అక్షరాలు సరిపోయాయా లేదా అన్నదే దానికి తెలుసు.

కంప్యూటర్లలోకి ఈ పద్ధతి 1960ల తొలినాళ్లలో వచ్చింది. అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఒకే యంత్రాన్ని పలువురు పంచుకునేలా ఫెర్నాండో కోర్బటో బృందం ఒక వ్యవస్థను రూపొందించి, ఒక్కొక్కరికి ఒక్కో పాస్‌వర్డ్ ఇచ్చింది. అయితే ఆ పాస్‌వర్డ్‌లన్నీ ఒకే ఫైలులో ఉన్నవి ఉన్నట్టుగా ఉండేవి. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకు కేటాయించిన సమయం చాలక, ఆ ఫైలును ముద్రించమని ఒక పంచ్ కార్డు పెట్టాడు. యంత్రం మారుమాట లేకుండా ముద్రించి ఇచ్చింది!

దీనికి విరుగుడును 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ తమ వ్యాసంలో వివరించారు. పాస్‌వర్డ్‌ను దాచకూడదు, దాన్ని గణితంతో నలిపి తీసిన సంకేతాన్ని మాత్రమే దాచాలి. ఈ సంకేతాన్ని హాష్ అంటారు. జొన్నలను పిండి చేయగలం గానీ పిండిని మళ్లీ జొన్నలు చేయలేం. మీరు పాస్‌వర్డ్ ఇచ్చిన ప్రతిసారీ వెబ్‌సైటు దాన్ని అదే తీరులో విసిరి, తన దగ్గరున్న పిండితో పోల్చుకుంటుంది. అందుకే పాస్‌వర్డ్ మరిచిపోయానంటే పాతది చెప్పదు, కొత్తది పెట్టుకోమంటుంది. ఏ సైటైనా మీ పాత పాస్‌వర్డ్‌ను మెసేజ్‌లో పంపిందంటే, అది జొన్నలనే దాచుకుందని అర్థం. ఆ పాస్‌వర్డ్‌ను మరెక్కడా వాడకండి.

మరి మీ ఫోన్ పాత పాస్‌వర్డ్‌ను ఎలా చూపగలుగుతోంది? మీ బదులు అదే ఆ గడిని నింపాలి. పిండితో ఆ పని కాదు, జొన్నలే కావాలి. అందువల్ల ఫోన్ అసలు పాస్‌వర్డ్‌నే రహస్య లిపిలోకి మార్చి భద్రపరుస్తుంది. ఆ గాదెకు తాళంచెవి మీ స్క్రీన్ లాక్. ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి: మీ స్క్రీన్ లాక్ తెలిసిన ప్రతి ఒక్కరికీ మీరు దాచిన పాస్‌వర్డ్‌లన్నీ అందుబాటులో ఉన్నట్టే.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో గూగుల్ పాస్‌వర్డ్ మేనేజర్‌కు వెళ్లండి. దాచిన సైట్లు, యాప్‌ల పేర్లు వరుసగా కనిపిస్తాయి. ఒకదాన్ని నొక్కితే ఫోన్ మీ వేలిముద్రో పిన్నో అడుగుతుంది. ఆ తరువాత కంటి బొమ్మను నొక్కితే పాస్‌వర్డ్ బయటపడుతుంది. మార్చడం, తీసేయడం కూడా అక్కడే. కొన్ని కంపెనీల ఫోన్లలో కంపెనీవారి సొంత గాదె కూడా ఉంటుంది. ఇక్కడ దొరకనివి అక్కడ వెతకండి. ఐఫోన్‌లో 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి పాస్‌వర్డ్స్ అనే యాప్ విడిగా ఉంది. అంతకుముందు ఇవి సెట్టింగ్స్‌లోనే ఉండేవి.

గూగుల్ మేనేజర్‌లో చెకప్ అనే సదుపాయం ఉంది. బయటికి పొక్కినవి, పలుచోట్ల వాడినవి, బలహీనమైనవి వేరుచేసి చూపుతుంది. పొక్కినవాటిని ఆ రోజే మార్చండి. మూడు నెలలకోసారి అన్నీ మార్చాలన్న పాత నియమాన్ని మాత్రం పట్టించుకోనక్కర్లేదు. కారణం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థే 2017లో చెప్పింది. అలా మార్పిస్తే జనం చివర ఉన్న 1ని 2 చేసి ఊరుకుంటారు!

ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్నచోట చిక్కు ఎక్కువ. నా సంగతే చెబుతాను. పదవీ విరమణ తరువాత నా పాత ఫోన్‌ను మా మేనల్లుడి కూతురికి ఆన్‌లైన్ పాఠాల కోసం ఇచ్చాను. సిమ్ తీశాను గానీ గూగుల్ ఖాతా తీయలేదు. కొత్త ఫోన్‌లో దాచిన ప్రతి పాస్‌వర్డ్ ఆ పాత ఫోన్‌లోకీ చేరుతూ వచ్చింది. స్క్రీన్ లాక్ ఆ పిల్లకు చెప్పిందీ నేనే. నాలుగు నెలల తరువాత తనే నవ్వుతూ, "తాతయ్యా, మీ బ్యాంకు పాస్‌వర్డ్‌లో నా పేరుందేంటి?" అని అడిగింది. నష్టమేమీ జరగలేదు, ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. ఫోన్ ఇచ్చేముందు, అమ్మేముందు ఖాతా తీసి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే, గూగుల్ ఖాతాలోని సెక్యూరిటీ విభాగంలో మీ డివైజ్‌ల జాబితా తెరిచి ఆ ఫోన్‌ను సైన్ అవుట్ చేయండి. రిపేరుకు ఇచ్చేటప్పుడు స్క్రీన్ లాక్ అడిగితే, దుకాణంలోనే నిలబడి మీరే తెరవండి.

యూపీఐ పిన్‌ను, ఏటీఎం పిన్‌ను ఈ గాదెలో వెతకకండి. కాంటాక్టుల్లో "ఏటీఎం" అనే పేరుతో నాలుగు అంకెలు రాసుకునేవారిని చాలామందిని చూశాను. దొంగ మొదట వెతికేది అదే పేరు. అలాంటిది ఉంటే ఇప్పుడే తీసేయండి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

చివరగా ఫోన్ నంబరు. పాస్‌వర్డ్ పోతే కొత్తది పెట్టుకునే దారి ఎక్కువగా ఓటీపీ గుండానే సాగుతుంది. మీరు ప్రవేశం పొందినప్పుడు అన్నయ్య నంబరో, నెట్ సెంటరు వారి నంబరో ఇచ్చారా? ప్రీపెయిడ్ సిమ్‌ను 90 రోజులకు మించి వాడకుండా వదిలేస్తే ఆ నంబరు రద్దయి, కొంతకాలానికి మరొకరికి వెళ్లవచ్చు. అప్పుడు పరీక్షల వేళ మీ ఓటీపీ ముక్కూ మొహం తెలియని మనిషికి చేరుతుంది.

అభ్యాసం: మీ ఫోన్‌లో దాచిన పాస్‌వర్డ్‌ల జాబితా తెరవండి. అందులో మీవి కానివి ఎన్ని? ఇప్పుడు వాడనివి ఎన్ని? ఒకే పాస్‌వర్డ్‌తో ఉన్నవి ఎన్ని? ఒక్కొక్క ఖాతాకు ఓటీపీ ఎవరి నంబరుకు వెళుతుందో పక్కన రాయండి.