ర్యామ్ నిండిందా, పనిలో ఉందా?

పోయినేడు మీరిచ్చిన పాత కంప్యూటర్లు అరకు వైపు మా పిల్లల చదువుకు వాడుతున్నాం. ఇంటర్నెట్ సరిగా అందని చోటు కాబట్టి ఒకదాన్ని సర్వరుగా పెట్టి, కివిక్స్ ద్వారా తెలుగు వికీపీడియానూ, కొన్ని పాఠాల వీడియోలనూ అందులోనే ఉంచాం. నడిచేది లినక్స్ మీద. వర్షాల్లో ఒకరోజు మరమ్మతుకొచ్చిన కుర్రాడు ‘ఫ్రీ’ అనే ఆదేశం కొట్టి చూసి, “మాస్టారూ, 4 జీబీ ర్యామ్‌లో 150 ఎంబీ కూడా ఖాళీ లేదు. ఇంకో ర్యామ్ కొనాల్సిందే” అన్నాడు. డబ్బు మీది. కొనేముందు సంగతేమిటో చూడాలనిపించింది.

అదే తెర మీద ‘క్యాష్’ అన్న గడిలో 2,700 ఎంబీ పైగా కనబడింది. ఇది మన కోశాధికారి లెక్క రాసే క్యాష్ కాదు, పలకడం మాత్రం ఒకటే. హార్డ్ డిస్క్‌లో ఒక చోటు వెతికి చదవడానికి దాదాపు 10 మిల్లీసెకన్లు పడుతుంది. ర్యామ్ అంతకు లక్షరెట్లు వేగం. అందుకని డిస్క్ నుంచి ఒకసారి చదివినదాన్ని కెర్నెల్ 4 కేబీ పేజీలుగా ర్యామ్‌లోనే అట్టిపెడుతుంది. మొదటి పిల్లవాడు వీడియో తెరిచినప్పుడు డిస్క్ తిరుగుతుంది. తర్వాత పదిమంది అదే తెరిచినా డిస్క్ జోలికి పోనక్కర్లేదు.

మరి కొత్త పనికి చోటు కావాలంటే? స్టాఫ్ రూమ్ బల్ల తలుచుకోండి. బీరువాలోంచి తీసిన పుస్తకాలు బల్ల మీదే ఉంటాయి. జవాబు పత్రాల కట్ట వచ్చినప్పుడు, ఎవరూ ముట్టని పుస్తకాలను ముందు పక్కకు తీస్తాం. లినక్స్‌లోనూ రెండు వరసలు: ఒకసారి చదివిన పేజీ చురుకు లేని వరసలో చేరుతుంది, మళ్లీ మళ్లీ వాడితే చురుకైన వరసకు ఎక్కుతుంది. ఖాళీ ఒక హద్దు కిందకు దిగగానే ‘కె స్వాప్ డి’ అనే పనివాడు లేచి, చురుకు లేని వరస చివరి నుంచి వదిలించుకుంటూ వస్తాడు. పై హద్దు చేరగానే మళ్లీ నిద్ర. అతను అందుకోలేకపోతే మాత్రం, చోటు అడిగిన ప్రోగ్రామే ఆగి ఆ పని చేసుకోవాలి. మనకు తెలిసే నత్తనడక అదే.

ఆ కుర్రాడు ఊరుకోలేదు. పది నిమిషాలకోసారి క్యాష్ ఖాళీ చేసే ‘డ్రాప్ క్యాషెస్’ ఏర్పాటు చేసి వెళ్లాడు. ఖాళీ అంకె పెద్దదైంది, పిల్లల పేజీలు మాత్రం నెమ్మదించాయి, ప్రతిసారీ డిస్క్ మొదటినుంచి చదవాలి కదా! 2006లో కెర్నెల్‌లోకి వచ్చిన ఈ సదుపాయం పరీక్షల కోసమే తప్ప రోజువారీ వాడకానికి కాదని కెర్నెల్ పత్రాలే చెబుతాయి. తీసేశాం.

చూడాల్సిన గడి ‘అవైలబుల్’. 2014 నాటి 3.14 కెర్నెల్ నుంచి ఈ అంచనా కెర్నెలే వేస్తోంది. స్వాప్ జోలికి పోకుండా కొత్త పనికి ఎంత దొరుకుతుందో చెబుతుంది. క్యాష్ మొత్తం వదిలేది కాదు (పంచుకునే మెమరీ కూడా ఆ లెక్కలోనే ఉంటుంది), అందుకే ఇది వేరే లెక్క. మా సర్వరులో అది 2,400 ఎంబీ దాటి ఉంది. ఆ అంకె అడుగంటి, స్వాప్‌లోకి రాకపోకలు ఆగకుండా సాగితే అప్పుడు ర్యామ్ అడుగుతాను.

ఒక్కటి మాత్రం ఇప్పుడే అడగాలి. పిల్లలు రాసి సేవ్ చేసినది వెంటనే డిస్క్‌కు చేరదు. అలాంటి పేజీని కెర్నెల్ వదిలేయలేదు, ముందు డిస్క్‌కు రాయాలి. మామూలుగా దానికి 30 సెకన్ల వరకు ఆగుతుంది. ఆలోపు కరెంటు పోతే రాసింది పోయినట్టే. మా కొండల్లో వానాకాలం కరెంటు సంగతి మీకు తెలుసు. ఈ ఏడు ర్యామ్ వద్దు, యూపీఎస్‌కు ఒక మంచి బ్యాటరీ ఇప్పించండి.