మధుమేహం - వినికిడి, శరీర సమతౌల్యం

మధుమేహం (చక్కెర వ్యాధి) వలన కళ్ళు, మూత్రపిండాలు, పాదాల నరాలు దెబ్బతింటాయని చాలామందికి తెలుసు. ఇదే వ్యాధి లోపలి చెవిని కూడా దెబ్బతీయగలదన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. వినికిడికి తోడ్పడే కర్ణావర్తం (కాక్లియా), సమతౌల్యాన్ని కాపాడే అర్ధవర్తుల కుల్యలు లోపలి చెవిలో పక్కపక్కనే ఉంటాయి. అందుచేత ఈ నష్టం వినికిడి తగ్గడంగానో, నడకలో తూలడంగానో బయటపడవచ్చు.

కారణాలు

లోపలి చెవికి రక్తం ముఖ్యంగా ఒకే సన్నని ధమని ద్వారా అందుతుంది. అది పూడుకుపోతే రక్తం చేరడానికి మరొక దారి దాదాపు లేదు. రక్తంలో గ్లూకోజు చాలాకాలం హెచ్చుగా ఉంటే సూక్ష్మ రక్తనాళాల గోడలు దళసరి అవుతాయి. మరణించిన మధుమేహ రోగుల చెవి ఎముకలను సూక్ష్మదర్శినితో పరీక్షించినపుడు ఈ మార్పుతో పాటు కర్ణావర్తంలో రోమకణాలు తగ్గిపోవడం కూడా కనిపించింది. మనుషులలో ఈ కణాలు ఒకసారి నశిస్తే తిరిగి పుట్టవు.

వినికిడి లోపం

అమెరికాలో 1999-2004 మధ్య 20 నుండి 69 ఏళ్ళ వయసు గల 5,140 మందికి చేసిన పరీక్షల ఫలితాలు 2008లో వెలువడ్డాయి. హెచ్చు పౌనఃపున్యపు ధ్వనులను వినడంలో లోపం మధుమేహం ఉన్నవారిలో 54 శాతానికి, లేనివారిలో 32 శాతానికి కనిపించింది. వయసును లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడా ఈ తేడా పోలేదు. లోపం సాధారణంగా రెండు చెవులలోనూ నెమ్మదిగా వస్తుంది కనుక రోగి గమనించడు, ఇంట్లోవారు "వయసు మీదపడింది" అని సరిపెట్టుకొంటారు.

సమతౌల్య లోపం

మనిషి తూలకుండా నిలబడటానికి లోపలి చెవి, కళ్ళు, పాదాలు మెదడుకు సమాచారం అందిస్తాయి. ఒకటి లోపిస్తే మిగతా రెండూ ఆదుకొంటాయి. మధుమేహం ఈ మూడింటినీ దెబ్బతీయగలదు, ప్రమాదమంతా ఇక్కడే ఉంది. పగలు బాగా నడిచే వ్యక్తి రాత్రి దీపం లేనపుడు పడిపోవచ్చు. అయితే కళ్ళు తిరగడం ప్రతిసారీ చెవి వలననే కాదు. రక్తంలో చక్కెర పడిపోయినా, లేచి నిలబడగానే రక్తపోటు తగ్గినా అలాగే ఉంటుంది. కనుక ముందుగా చక్కెర చూసుకోవాలి.

పరీక్షలు, చికిత్స

వినికిడి లోపాన్ని ఆడియోమెట్రీ పరీక్షతో కొలుస్తారు. నెమ్మదిగా వచ్చిన లోపానికి వినికిడి యంత్రం ఉపయోగపడుతుంది. ఒక చెవి హఠాత్తుగా వినిపించకుండా పోతే మాత్రం అది అత్యవసర స్థితి, వెంటనే వైద్యుని చూడాలి. దీనికి తరచుగా వాడే స్టీరాయిడ్లు రక్తంలో చక్కెరను పెంచుతాయి కాబట్టి, తనకు మధుమేహం ఉన్నట్లు రోగి ముందుగానే చెప్పాలి.