కొలత పక్కన ఉష్ణోగ్రత ఎందుకు?



"కొలత సరిగ్గానే రాశాడు కదా, ఉష్ణోగ్రత రాయలేదని మార్కు తీసేశారేం టీచర్?" అని కొందరు అడిగారు.

స్టీలు టేపును సాధారణంగా 20 డిగ్రీల వేడి దగ్గర సరిచూస్తారు. మన జగ్గయ్యపేట ఎండలో 45 డిగ్రీలకు వేడెక్కితే, 30 మీటర్ల టేపు దాదాపు 9 మిల్లీమీటర్లు సాగుతుంది. అందుకే కొలత ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. లేజర్ మీటరుకూ వేడి సెగ తగులుతుంది. గాలి పలచబడి కాంతి కాస్త వేగంగా వెళ్తుంది. కానీ అంతే దూరానికి ఆ తేడా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

1802లో మద్రాసులో లాంబ్టన్ ఉక్కు గొలుసుతో భూమిని కొలిచినప్పుడు థర్మామీటర్లు పెట్టి మరీ లెక్క సరిచేశాడు.

ఉష్ణోగ్రత రాసి ఉంటే తేడాను తర్వాతైనా సరిదిద్దవచ్చు. రాయకపోతే ఆ దారి మూసుకుపోతుంది. ఆ ఒక్క మార్కు అందుకే.