ఉన్న ఫోన్‌తోనే ఆల్బమ్ చేయొచ్చు.. మరి స్టేజ్ మీద పరిస్థితి ఏంటి?

సొంతంగా పాటలు రాసి, ట్యూన్ కట్టి, ఇంట్లోనే రికార్డ్ చేద్దామనుకునే కుర్రాళ్లు మొదట అడిగే ప్రశ్న ఒకటే: "రికార్డింగ్‌కి ఏ ఫోన్ కొనాలి బ్రో?" మా సమాధానం చాలామందికి నచ్చదు. ఏదీ కొనక్కర్లేదు. గత నాలుగైదేళ్లలో వచ్చిన ఓ మోస్తరు మిడ్‌రేంజ్ ఫోన్ మీ దగ్గరుంటే, ఆల్బమ్‌కి సరిపడా ప్రాసెసింగ్ పవర్ ఆల్రెడీ జేబులో ఉన్నట్టే. కొత్త ఫోన్ కోసం దాచిన డబ్బు వేరే చోట పెట్టాలి. అందులో కొంత రికార్డింగ్‌కి, కొంత స్టేజ్‌కి.

స్టీవ్ లేసీ సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 2017లో వచ్చిన కెండ్రిక్ లమార్ 'డ్యామ్' ఆల్బమ్‌లో 'ప్రైడ్' అనే ట్రాక్‌కి బీట్ మొదలైంది అతని ఐఫోన్‌లో, గ్యారేజ్‌బ్యాండ్ యాప్‌లో. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా లేవు. ఆ ఆల్బమ్‌కి మరుసటి ఏడాది పులిట్జర్ ప్రైజ్ వచ్చింది. ఈ కథ విన్నవాళ్లంతా 'ఐఫోన్' అనే మాట దగ్గరే ఆగిపోతారు. గిటార్‌ని ఫోన్‌కి కలపడానికి అతను వాడిన ఐరిగ్ అనే బుల్లి అడాప్టర్ గురించి ఎవరూ మాట్లాడరు. గిటార్ సౌండ్ క్లీన్‌గా లోపలికి వెళ్లడానికి కారణం అదీ!

ఇంకా వెనక్కి వెళ్తే, 1982లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ తన ఇంట్లో నాలుగు ట్రాక్‌ల టాస్కామ్ కేసెట్ రికార్డర్ మీద, రెండు షూర్ ఎస్ఎమ్57 మైకులతో కొన్ని డెమోలు పాడుకున్నాడు. తర్వాత బ్యాండ్‌తో స్టూడియోలో మళ్లీ చేద్దామన్నది ప్లాన్. చేసి చూశారు, కుదరలేదు. చివరికి ఆ కేసెట్‌లో ఉన్నదాన్నే 'నెబ్రాస్కా' పేరుతో రిలీజ్ చేశారు. నాలుగంటే నాలుగే ట్రాక్‌లు! ఇవాళ మీ ఫోన్‌లోని ఫ్రీ యాప్ కూడా అంతకన్నా ఎక్కువ ఇస్తుంది.

మరి ఫోన్‌లో చూడాల్సింది ఏమీ లేదా?

ఒకటుంది. లేటెన్సీ. మీరు తీగ మీటిన క్షణానికీ, ఆ శబ్దం ఫోన్‌లోకి వెళ్లి ప్రాసెస్ అయ్యి మళ్లీ మీ హెడ్‌ఫోన్‌లోకి వచ్చిన క్షణానికీ మధ్య గ్యాప్. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. అంటే 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే యాంప్లిఫయర్ మీకు మూడున్నర మీటర్ల దూరంలో ఉన్నట్టు. అది ఓకే. 20 దాకా సర్దుకుపోవచ్చు. 50 దాటితే మాత్రం తాళం మీద నిలబడటం కష్టం. వేళ్లు ముందు, శబ్దం వెనుక.

ఐఫోన్ ఈ విషయంలో మొదటినుంచీ ముందుంది, మొహమాటం లేకుండా చెప్పాలి. ఆండ్రాయిడ్‌లో 2017 నాటి ఓరియో వెర్షన్‌తో ఏఆడియో వచ్చాక పరిస్థితి బాగా మారింది. 'ప్రో ఆడియో' సపోర్ట్ ఉందని ఒక ఆండ్రాయిడ్ ఫోన్ ప్రకటించుకోవాలంటే రానూపోనూ లేటెన్సీ ఒక పరిమితికి మించకూడదన్నది గూగుల్ పెట్టిన రూల్. స్పెసిఫికేషన్ షీట్లలో ఈ ముక్క దాదాపు ఎప్పుడూ కనిపించదు. కెమెరా మెగాపిక్సెల్ మాత్రం బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది!

మీ ఫోన్ ఆ పరీక్ష పాస్ కాకపోయినా కంగారు పడకండి. బయట దొరికే మామూలు యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్‌లలో చాలావాటికి డైరెక్ట్ మానిటర్ అని ఒక స్విచ్ ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే మీ గొంతు ఫోన్ దాకా వెళ్లకుండానే, నేరుగా ఇంటర్‌ఫేస్ నుంచే హెడ్‌ఫోన్‌లో వినిపిస్తుంది. లేటెన్సీ గొడవే ఉండదు. యాప్‌లోని గిటార్ ఎఫెక్టులు, పియానో సౌండ్లు లైవ్‌గా వాయించాలనుకునేవాళ్లే ఫోన్ గురించి నిజంగా ఆలోచించాలి.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని రికార్డ్ చేస్తానంటారా? వద్దు. మామూలు బ్లూటూత్‌లో ఆలస్యం వంద మిల్లీసెకన్లు ఈజీగా దాటుతుంది. వైర్ ఉన్న హెడ్‌ఫోనే కావాలి, అదీ చెవులను పూర్తిగా మూసేది. లేదంటే క్లిక్ శబ్దం బయటికి లీకై మైకులో దూరుతుంది. సాఫ్ట్‌గా పాడే చోట అది టిక్ టిక్‌మని వినిపిస్తూనే ఉంటుంది, తర్వాత తీసేయడం దాదాపు అసాధ్యం. చాలా ఫోన్లలో 3.5 ఎంఎం జాక్ తీసేశారు కాబట్టి హెడ్‌ఫోన్‌ని కూడా ఇంటర్‌ఫేస్‌కే పెట్టుకోవాలి.

డబ్బు పెట్టాల్సిన చోటు

ఇంటర్‌ఫేస్ ఒకటి, మైక్ ఒకటి, స్టాండ్, హెడ్‌ఫోన్. ఎంట్రీ లెవెల్‌లో చూసుకుంటే ఇదంతా కలిపినా ఒక మిడ్‌రేంజ్ ఫోన్ ధరలో వచ్చేస్తుంది. ఇంటర్‌ఫేస్ కొనేటప్పుడు 'క్లాస్ కంప్లయంట్' అని ఉందో లేదో చూడండి. అంటే డ్రైవర్ ఏదీ వేయకుండానే ఫోన్ గుర్తుపడుతుంది. ఇంకో చిక్కు, అది పవర్‌ని ఫోన్ నుంచే లాగుతుంది. కండెన్సర్ మైక్‌కి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కూడా ఇవ్వాల్సి వస్తే బ్యాటరీ కళ్ల ముందే కరిగిపోతుంది, కొన్ని ఫోన్లయితే ఇవ్వలేమని చేతులెత్తేస్తాయి. విడిగా పవర్ తీసుకునే యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే ఈ తలనొప్పి పోతుంది.

మైక్ విషయంలో మా ఓటు డైనమిక్‌కే. యూట్యూబ్‌లో అందరూ పెద్ద కండెన్సర్ మైక్ ముందు పాడుతుంటారు నిజమే. కానీ వాళ్ల గది వేరు, మన గది వేరు. మనవి గచ్చు నేల, ఖాళీ గోడలు, పైన ఫ్యాను, పక్కింట్లో కుక్కర్ విజిల్, వీధిలో కూరగాయల బండి మైకు. కండెన్సర్ వీటన్నిటినీ మీ గొంతుతో పాటే శ్రద్ధగా రికార్డ్ చేస్తుంది. డైనమిక్ మైక్ దగ్గరి శబ్దాన్నే ఎక్కువగా పట్టించుకుంటుంది. షూర్ ఎస్ఎమ్58 లాంటిది 1966 నుంచి అమ్ముడవుతూనే ఉంది, కారణం ఇదే. పైగా అదే మైక్ రేపు గిగ్‌కీ తీసుకెళ్లొచ్చు. ఒకే ఖర్చుకి రెండు పనులు.

మిగతాది గది. ఫోమ్ షీట్లు కొనేముందు బట్టల బీరువా తలుపులు తెరవండి, మంచం మీది పరుపు గోడకి ఆనించండి, వెనక రెండు బొంతలు వేలాడదీయండి. మీ గొంతు వెళ్లి తగిలే గోడకన్నా, మీ వెనక నుంచి తిరిగి మైకులోకి వచ్చే ప్రతిధ్వనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. మైక్‌కీ నోటికీ జానెడు దూరం. లెవెల్ మీటర్ మరీ పైకి కొట్టకుండా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా గెయిన్ పెట్టుకోండి. 24 బిట్‌లో రికార్డ్ చేస్తుంటే తక్కువ లెవెల్ వల్ల పోయేదేమీ లేదు. క్లిప్ అయితే మాత్రం ఆ టేక్ పోయినట్టే.

స్టోరేజ్ లెక్క కూడా చూద్దాం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో అంటే నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ. ఎనిమిది పాటలు, పాటకి 20 ట్రాక్‌లు, ఒక్కోటి నాలుగు నిమిషాలు అనుకుంటే 5.5 జీబీ. ఒక్కోదానికి మూడు టేకులు దాచుకున్నా 17 జీబీ లోపే. 128 జీబీ ఫోన్‌కి ఇది బరువు కాదు. రెండో కాపీ మాత్రం ఫోన్ బయట ఎక్కడైనా ఉండాలి. ఫోన్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, ఆల్బమ్‌ని కొనుక్కోలేం కదా. రికార్డింగ్ మొదలుపెట్టేముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ మర్చిపోవద్దు, చరణం మధ్యలో లోన్ ఆఫర్ కాల్ వస్తుంది.

యాప్‌ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఐఫోన్‌లో గ్యారేజ్‌బ్యాండ్ ఫ్రీ. ఆండ్రాయిడ్‌లో బ్యాండ్‌ల్యాబ్ ఫ్రీ, ఎఫ్ఎల్ స్టూడియో మొబైల్, క్యూబేసిస్ డబ్బులకి. ఏదో ఒకటి పట్టుకుని దాంట్లోనే ఆల్బమ్ పూర్తి చేయండి.

ముందు గిగ్, తర్వాత రికార్డింగ్

ఎక్కువ మంది ముందు ఆల్బమ్ చేసేసి, తర్వాత దాన్ని స్టేజ్ మీద ఎలా వాయించాలా అని తల పట్టుకుంటారు. ట్రాక్‌లు ఊరికే వస్తున్నాయి కదా అని ఒక్కో పాటలో నలభై లేయర్లు పెడతారు. తీరా కెఫేలో ఇద్దరే కూర్చోగలిగే మూల ఇస్తే, పాట సగం చచ్చిపోతుంది. తిరగేసి చూడండి. పాటని ముందు ఒక గిటార్, ఒక గొంతుతో పదిమంది ముందు పాడండి. ఏ చోట జనం ఫోన్లు చూసుకుంటున్నారో తెలిసిపోతుంది, ఆ చరణం కత్తిరించండి. అలా నాలుగైదు గిగ్‌లు దాటి వచ్చిన పాటనే మైక్ ముందు పెట్టండి.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి బంజారాహిల్స్ లామకాన్ లాంటి చోట ఓపెన్ మైక్‌లు ఉన్నాయి. మిగతా ఊళ్లలో కాలేజీ ఫెస్ట్‌లు, కెఫేలు, అపార్ట్‌మెంట్ వినాయక చవితి పందిళ్లు. పందిరిని తక్కువ అంచనా వేయకండి, అంతకన్నా నిజాయితీ ఉన్న ఆడియెన్స్ ఇంకెక్కడా దొరకరు!

అయితే మనకో ప్రత్యేకమైన సమస్య ఉంది. తెలుగులో పాట అంటే సినిమా పాటే. కెఫే ఓనర్ మొదట అడిగేది "ఏయే సినిమా పాటలు వచ్చు?" అనే. కాదంటే గిగ్ రాదు. మూడు సినిమా పాటల మధ్య మీ పాట ఒకటి, దాని గురించి లెక్చర్ ఇవ్వకుండా, నేరుగా అందుకోండి. పాడాక "ఇది మాది" అని ఒక్క మాట చెప్పండి చాలు. పబ్లిక్‌గా సినిమా పాటలు పాడటానికి ఐపీఆర్‌ఎస్ లాంటి సంస్థల లైసెన్స్ కావాలి, అది ఈవెంట్ నిర్వాహకులు తీసుకున్నారా అని అడగడం తప్పు కాదు. అవే పాటల కవర్‌ని ఆల్బమ్‌లో పెట్టడం మాత్రం పూర్తిగా వేరే కథ. మన కాపీరైట్ చట్టంలోని 31సి సెక్షన్ ప్రకారం, పాట మొదట రికార్డయిన ఏడాది ముగిశాక ఐదేళ్లు గడిస్తే తప్ప కవర్ వెర్షన్‌కి ఆ దారిలో లైసెన్స్ దొరకదు. దొరికినా, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ కట్టాలన్నది సాధారణ నియమం. ఆ డబ్బుతో ఇంకో మైక్ వస్తుంది. ఆల్బమ్‌లో మీ పాటలే ఉంచుకోండి.

ఇంతకీ గిగ్‌ల మీద ఇంత పట్టు ఎందుకంటే, స్ట్రీమింగ్ లెక్క అలా ఉంది. 2024 నుంచి స్పాటిఫైలో ఒక ట్రాక్‌కి గత 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీమ్‌లు లేకపోతే దానికి రాయల్టీ లెక్కలోకే రాదు. కొత్తవాళ్లకి ఆ వెయ్యి కూడా చిన్న సంఖ్య కాదు. మీ పేరు వెతికి మరీ వినే మొదటి వందమంది ఎక్కడినుంచో రారు, మీరు పాడుతుంటే ఎదురుగా కూర్చున్నవాళ్లే.

స్టేజ్ మీద ఫోన్

ఇంట్లో బుద్ధిగా పనిచేసిన ఫోన్ స్టేజ్ ఎక్కగానే వేషాలు వేస్తుంది. బ్యాకింగ్ ట్రాక్ ఫోన్‌లోంచే వేస్తున్నారా? ఫైల్ ఫోన్‌లో ఉండాలి, స్ట్రీమింగ్ యాప్‌లో కాదు. ఎయిర్‌ప్లేన్ మోడ్, అలారాలు ఆఫ్, స్క్రీన్ ఆటో లాక్ ఆఫ్. ఎండలో పెడితే ఫోన్ వేడెక్కి స్క్రీన్ డిమ్ అయిపోతుంది, మధ్యాహ్నం ఫెస్ట్‌లో ఇది పక్కా. చార్జింగ్ పెట్టి వాయిస్తే స్పీకర్లలో 'జుయ్' మనే హమ్ వచ్చే ఛాన్స్ ఎక్కువ. ఫుల్ చార్జ్ చేసుకుని వెళ్లండి. అయినా హమ్ వస్తే ఫోన్‌కీ మిక్సర్‌కీ మధ్య ఒక డీఐ బాక్స్ పెట్టాలి, చాలా సౌండ్ సిస్టమ్ వాళ్ల దగ్గర ఉంటుంది. మీదొకటి మీ సంచిలో ఉంటే ఇంకా ధీమా.

డ్రమ్మర్ ఉంటే ఈ ట్రిక్ భలే పనికొస్తుంది. యాప్‌లో క్లిక్‌ని పూర్తిగా ఎడమ చానల్‌కి, బ్యాకింగ్ ట్రాక్‌ని పూర్తిగా కుడికి తోసి ఒకే ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. స్టీరియోని రెండుగా చీల్చే వై కేబుల్‌తో ఎడమది డ్రమ్మర్ చెవిలోకి, కుడిది మిక్సర్‌లోకి. అందరూ ఒకే తాళంలో ఉంటారు, జనానికి టిక్ టిక్ వినపడదు. రెండూ తారుమారు అయ్యాయా అని సౌండ్ చెక్‌లో ఒకసారి చూసుకోండి. తారుమారైతే ఊరంతా మీ క్లిక్ వింటుంది!

మైక్ 'కుయ్' మని అరుస్తుంటే ఈక్వలైజర్ జోలికి వెళ్లేముందు మీరెక్కడ నిలబడ్డారో చూడండి. మెయిన్ స్పీకర్లు మీకన్నా ముందు ఉండాలి, మైక్ వీపు మానిటర్ వైపు ఉండాలి. మైక్ తలని గుప్పిట్లో పట్టుకుని పాడటం సినిమాల్లో స్టైల్‌గా ఉంటుంది కానీ, అలా పట్టుకుంటే వెనకవైపు శబ్దాన్ని ఆపే దాని గుణమే పోతుంది, అరుపు ఇంకా పెరుగుతుంది.

షోని రికార్డ్ చేసుకోవాలంటే మిక్సర్ అవుట్‌పుట్‌ని మీ ఇంటర్‌ఫేస్‌లోకి తీసుకోండి, ఇంకో ఫోన్‌ని జనం మధ్యలో పెట్టండి. మిక్సర్ ఫీడ్‌లో గొంతు బాగుంటుంది కానీ చప్పట్లుండవు. జనంలో పెట్టిన ఫోన్‌లో చప్పట్లుంటాయి కానీ గొంతు దూరంగా ఉంటుంది. రెండూ కలిపి, తేడా సరిచేసి పెడితే లైవ్ వీడియో రెడీ.

ఓపెన్ ప్లేస్ అయితే రాత్రి పదింటికి లౌడ్‌స్పీకర్ ఆపేయాల్సిందే, రూల్ అది. కాబట్టి మీ సొంత పాటల్ని చివర్లో పెట్టుకోవద్దు. గిగ్‌లు ఎప్పుడూ లేటుగానే మొదలవుతాయి, కోత పడేది చివరి పాటలకే. తొమ్మిదింటికల్లా మీ బెస్ట్ పాట అయిపోవాలి. పాటల లింక్‌కి ఒకటి, యూపీఐకి ఒకటి విడివిడిగా క్యూఆర్ ప్రింట్ తీసి టేబుళ్ల మీద పెట్టండి. కెఫే లైట్ల మసక వెలుతురులో అవి స్కాన్ అవుతున్నాయో లేదో, ఎవరైనా ఫ్రెండ్ పాత ఫోన్‌తో ముందే చెక్ చేసుకోండి.